గుమ్మటం మీది తాతగారు

మా ఇంట్లో భోజనాల బల్లకి రెండు ఉద్యోగాలు. పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా అది నా స్టూడియో. మిగతా సమయంలో అందరిదీ. ఉద్యోగం మారే వేళకి దాని మీద ఒక్క రంగు చుక్క మిగిలినా మా అత్తయ్య వదలరు. "ఏమే, ఇవాళ కూరలో నీలం కూడా వేశావా?" అని అడుగుతారు.

ఆ బల్ల మీదే పదకొండేళ్ళుగా పత్రికలకి చిన్నచిన్న బొమ్మలు వేస్తున్నాను. నడుం నొప్పికి వ్యాయామాలు, బీరువాలో బట్టలు సర్దుకునే పద్ధతులు, జుట్టు రాలకుండా పది చిట్కాలు. నా బొమ్మల్లో ఎంతమంది ఆడవాళ్ళు ఎంత హాయిగా నడుం వంచారో లెక్కలేదు. నా నడుం మాత్రం వంగితే లేవడం లేదు.

ఈ ఏడాది మొదటిసారి నాదంటూ ఒక పుస్తకం వచ్చింది. పిల్లల బొమ్మల పుస్తకం. పన్నెండు బొమ్మలు, పేజీకో వాక్యం, రెండూ నావే. మూడేళ్ళు వేశాను. అది ఎందుకు ఆగిపోబోయిందో చెప్పాలంటే ముందు మందిరం సంగతి చెప్పాలి.

మా ఊళ్ళో బహాయీల ప్రార్థనా మందిరం ఒకటుంది. తొమ్మిది వైపులు, తొమ్మిది తలుపులు, పైన తెల్లటి గుమ్మటం, చుట్టూ తోట. ఎవరైనా ఏ తలుపులోంచైనా లోపలికి రావచ్చు. మీది ఏ మతమని అడిగేవాళ్ళుండరు. లోపల పటాలుండవు, విగ్రహాలుండవు, ఉపన్యాసాలుండవు. కుర్చీలుంటాయి, వెలుతురుంటుంది. మా మేనత్త ఆ తోటలో పూలమడులు చూసేది. సెలవుల్లో నన్ను వెంటబెట్టుకెళ్ళి కలుపు పీకించేది. వెనక్కి నడుస్తూ పీకాలట, లేకపోతే శుభ్రం చేసిన చోటే మళ్ళీ తొక్కుతామట. "మనసు పెట్టి చేస్తే ఇది కూడా ప్రార్థనే," అనేది.

"పెట్టకపోతే?" అన్నాను ఒకసారి.

"నడుం నొప్పి," అంది.

ఇరవై రెండో ఏట నేనూ బహాయీనయ్యాను. దానికి ఇంట్లో జరగవలసిన గొడవంతా జరిగింది. అది వేరే కథ, అందులో అందరూ ఒకేసారి మాట్లాడతారు.

మేనత్త పోయాక కూడా గురువారం గురువారం ఆ తోటకి వెళ్తాను. కలుపు పీకేవాళ్ళు ఇప్పుడు వేరే ఉన్నారు, నేను కూర్చుని గీస్తాను. రాలిన ఆకులు, రెక్కలు ఏరుకొచ్చి పాత టెలిఫోన్ డైరెక్టరీలో నొక్కిపెడతాను. అందులో నంబర్లు ఎవరివీ పనిచెయ్యవు గానీ బరువు మాత్రం తగ్గలేదు. గన్నేరు రెక్కలు 'గ'లో, సైప్రస్ రెమ్మలు 'స'లో. ఆకు ఎండాక దాని రంగు పక్కన నా రంగు కలిపి చూసుకుంటాను. మూడుసార్లు తప్పు కలిపితే నాలుగోసారికి ఆకు ఒప్పుకుంటుంది.

గుమ్మటానికి మాత్రం రంగు కలపను. నీటిరంగుల్లో తెలుపు వెయ్యరు, వదిలేస్తారు. చుట్టూ ఆకాశం, చెట్లు, నీడలు అన్నీ వేసి, ఆ ఒక్క చోట కుంచె పెట్టకుండా ఉండాలి. కాగితం తెలుపే గుమ్మటమవుతుంది. ఇది చాలా కష్టమైన పని. మాట్లాడాలని ఉన్నప్పుడు మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో అంత. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో నాకు బాగా అలవాటైంది కాబట్టి నా గుమ్మటాలు బాగుంటాయి.

పుస్తకంలో ఆరో బొమ్మ మందిరమే. దాని దగ్గర ఒక చిక్కొచ్చింది. నేల మీద నిలబడి చూస్తే తొమ్మిది తలుపులు ఒకేసారి కనబడవు, నాలుగో అయిదో కనబడతాయి. నాకేమో తొమ్మిదీ కావాలి. అందుకని పైనుంచి చూసినట్టు వేశాను. మధ్యలో గుమ్మటం తెల్లటి గుండ్రం. చుట్టూ తొమ్మిది గోడలు నేల మీదికి వాలిపోయి, పువ్వు రెక్కల్లా విచ్చుకుని, ఒక్కో రెక్కలో ఒక్కో తలుపు.

వృత్తాన్ని ఆరు భాగాలు చెయ్యడం తేలిక, ఎనిమిదికైతే కాగితం మడత చాలు. తొమ్మిది దేనికీ లొంగదు. మా స్టీలు పళ్ళెం బోర్లించి గుండ్రం గీసి, మా అమ్మాయి స్కూలునాటి జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తీసి, నలభై, ఎనభై, నూట ఇరవై అని గుర్తులు పెట్టుకుంటూ వెళ్ళాను. ఎక్కడో ఒక్క డిగ్రీ జారితే చివరి తలుపు ఇరుకైపోతుంది. నాలుగు కాగితాలు పాడుచేశాక అయిదోదాంట్లో తొమ్మిదీ సమానంగా కూర్చున్నాయి. ఆ రోజు పళ్ళెం కడక్కుండా అలాగే ఉంచేశాను, అభిమానంతో.

పుస్తకం వేస్తానన్న ఎడిటర్ మంచాయనే. అన్ని మాటలూ "కాస్త సర్దుకోండి మేడం"తో పూర్తిచేస్తారు. మనసులో ఆయనకి సర్దుబాటుగారని పేరు పెట్టుకున్నాను. ఆయన దగ్గర్నుంచి ఒక సోమవారం ప్రూఫు వచ్చింది. నేను చూసి "అంగీకారం" అని రాసి సంతకం పెడితే ప్రెస్సుకి వెళ్తుంది.

ఆరో బొమ్మ తెరిచాను. మధ్యలో తెల్లటి గుండ్రంలో ఒక తాతగారు కూర్చున్నారు. తెల్ల గడ్డం, తల వెనక పసుప్పచ్చటి వెలుగు, ఎత్తిన చెయ్యి. ఎవరిని దీవిస్తున్నారో తెలీదు. సరిగ్గా లెక్కపెడితే తలుపులు ఎనిమిది.

ఫోన్ చేశాను.

"చూశారా మేడం! ఎంత నిండుగా వచ్చిందో!" అన్నారు.

"ఆ తాతగారెవరండీ?"

"ఎవరో ఒకరు మేడం. పేరు పెట్టలేదుగా. మధ్యలో ఖాళీగా ఉంటే మా డిజైనర్ అమ్మాయి కూర్చోబెట్టింది. పిల్లలకి ఒక ముఖం కావాలి. ఖాళీ చూస్తే వాళ్ళకి తోచదు."

"మా ధర్మస్థాపకుల బొమ్మ మేం వెయ్యమండీ. గౌరవం కొద్దీ వెయ్యం. ఆ మందిరం మధ్యలో వెలుగుతో సహా ఒక తాతగార్ని పెడితే, చదివే ప్రతి పిల్లా ఆయనే ఈయన అనుకుంటుంది. నేను వెయ్యనిది నా పేరుతో వెళ్తుంది."

"అంత లోతుగా ఎవరాలోచిస్తారు మేడం?"

"నేను ఆలోచించాను. మూడేళ్ళు. ఇంకోటి, తొమ్మిదో తలుపేదండీ?"

"అదా! చదరం పేజీలో తొమ్మిది కుదరట్లేదు మేడం, ఎనిమిదైతే నీట్‌గా వస్తోంది. ఒక్క తలుపేగా. కాస్త సర్దుకోండి."

"సర్దుకోను."

ఆ మాట ఆయన మునుపెప్పుడూ విన్నట్టు లేదు. తర్వాత గొంతు మారింది. "శుక్రవారం లోపు సంతకం కావాలి మేడం. లైబ్రరీలకి మూడు వందల కాపీలు వెళ్ళాలి. మీది కాకపోతే వరసలో ఇంకో పుస్తకం ఉంది. తర్వాత మీదెప్పుడో నేను చెప్పలేను," అన్నారు.

మా ఆయన కళ్ళజోళ్ళ షాపు నుంచి భోజనానికి వచ్చారు. ఊరందరికీ చూపు సరిచేస్తారు. ఫ్రిజ్‌లో ఎదురుగా ఉన్న గిన్నె మాత్రం ఆయనకి కనబడదు. విషయం చెప్పాను.

"ఒక్క బొమ్మ కోసం మొత్తం పుస్తకం పోగొట్టుకుంటావా? పదకొండు నువ్వన్నట్టే ఉన్నాయిగా. సర్దుకో."

"ఏవండీ, ఈ ఇంట్లో బీరువాలు సర్దేదెవరు?"

"నువ్వే."

"వంటింటి అరలు, మీ ఊరి ప్రయాణాల పెట్టెలు, మీ చెల్లెలికీ మీకూ మాటొచ్చినప్పుడు మాటలు?"

"నువ్వేలే."

"మరి ఏది సర్దొచ్చో ఏది సర్దకూడదో నాకు తెలియదంటారా?"

ఆయన గిన్నె కోసం ఫ్రిజ్‌లోకి తలపెట్టి చాలాసేపు అక్కడే ఉండిపోయారు.

అత్తయ్య అంతా విని తన తీర్పు చెప్పారు. ఆమె దేవుళ్ళందరూ పటాల్లో, వరసగా, ముఖాలతో ఉంటారు. నా మందిరం మీద ఆమెకి మొదట్నుంచీ అనుమానమే. "లోపల ఎవరూ లేకపోతే ఎవరికే దణ్ణం పెట్టడం? ఖాళీ ఇల్లు మంచిది కాదు. పోనీ ఎవరో ఒకర్ని పెట్టవే, పడుంటాడు."

"ప్రతి గదిలో ఎవరో ఒకరుండాలా అత్తయ్యా?"

"నీతో మాట్లాడటం నాదే తప్పు," అన్నారు.

మంగళవారం, బుధవారం బల్ల దగ్గరే ఉన్నాను. కొత్త బొమ్మ మొదలుపెట్టలేదు, పాత బొమ్మ కేసే చూస్తూ కూర్చున్నాను. తెలుపు వదిలేస్తే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటున్నారు. ఖాళీ కుర్చీ కనబడితే రుమాలు వేసేవాళ్ళలాగ. బుధవారం మధ్యాహ్నం కూరగాయలు తరుగుతుంటే తరుగుడు చెక్క మీద గాట్లు కనిపించాయి. కాగితం ఉన్న చోట బొమ్మ వేస్తారు. కాగితమే లేని చోట?

గురువారం తోటకి వెళ్ళలేదు, అన్నేళ్ళలో మొదటిసారి. తరుగుడు చెక్క బల్ల మీద పెట్టి, ఆరో బొమ్మకి నకలు వేసి, బ్లేడు తీసుకున్నాను. గుమ్మటాన్ని గుండ్రంగా కోసి తీసేశాను. తలుపుల్ని మాత్రం మూడువైపులే కోశాను, నాలుగోవైపు మడత వేస్తే తెరుచుకుని మూసుకునే నిజం తలుపులయ్యాయి. దాని కింది కాగితంలోనూ అదే గుండ్రం కోసేసి, ఒక్కో తలుపు వెనక ఒక్కోటి వచ్చేటట్టు దాని మీద తోటలోవి వేశాను. సైప్రస్ చెట్టు, ఎర్ర కంకర బాట, నీళ్ళ గొట్టం మీద కూర్చున్న పిట్ట, గన్నేరు కొమ్మ, చీమల బారు, వాన పడిన మెట్టు, విడిచిన చెప్పుల జత, మా మేనత్త కలుపు బుట్ట. తొమ్మిదో తలుపు వెనక ఏమీ వెయ్యలేదు. కాగితం తెలుపు అలాగే వదిలేశాను.

శుక్రవారం ఎడిటర్ ఆఫీసుకి బయల్దేరాను. అత్తయ్య కూడా వస్తానన్నారు. నాకు మద్దతుగా అనుకునేరు. ఇంట్లో టీవీ పాడైంది.

అది రెండు గదుల ఆఫీసు. అద్దం అవతల డిజైనర్ అమ్మాయి కంప్యూటర్, ఇవతల ఎడిటర్ బల్ల, దాని మీద నా ప్రూఫు, పక్కనే మూత తీసి పెట్టిన పెన్ను. పెన్ను చూస్తే ఆయన నమ్మకం అర్థమైంది.

"రండమ్మా, కూర్చోండి," అని అత్తయ్యకి కుర్చీ లాగారు. ఆమె కూర్చుని, కొడుకు షాపు కళ్ళజోడు పెట్టుకుని, ప్రూఫు ముందుకి లాక్కున్నారు. ఆరో బొమ్మ దగ్గర ఆగిపోయారు.

"ఎవరయ్యా ఈయన?"

"తాతగారండీ. పిల్లలకి ఒక..."

"తాతగారైతే అయ్యాడు, కప్పు మీదికెందుకెక్కాడు? నీళ్ళ ట్యాంకు బాగుచెయ్యడానికొచ్చిన ప్లంబరా?"

అద్దం అవతల డిజైనర్ అమ్మాయి గబుక్కున తెర వైపు తిరిగింది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"కప్పు కాదమ్మా, అది మధ్యలో ఖాళీ..." అన్నారు ఎడిటర్.

"కప్పేనండీ," అన్నాను. "పైనుంచి చూసిన గుమ్మటం. మీరు ఆయన్ని గుమ్మటం మీద కూర్చోబెట్టారు."

ఆయన ప్రూఫు తన వైపు తిప్పుకున్నారు, మళ్ళీ తిప్పారు. మూడు వారాలుగా చూస్తున్న బొమ్మ ఆయనకి అప్పుడు కనబడింది.

"వర్షం వస్తే ఎట్లా పాపం, గొడుగన్నా ఇవ్వలేదు," అన్నారు అత్తయ్య.

"సరే, కిందికి దింపిద్దాం," అన్నారు ఎడిటర్, చెవులు ఎర్రబడ్డా ఓడిపోకుండా. "తలుపు పక్కన నిలబెడదాం. ముఖం మాత్రం ఉండాలి మేడం. పాతికేళ్ళుగా పిల్లల పుస్తకాలు వేస్తున్నాను, నాకు తెలుసు."

"అక్కడా ఉండకూడదండీ," అని సంచిలోంచి నా కాగితాలు తీసి బల్ల మీద పెట్టాను. "ఇదిగోండి ఆరో బొమ్మ. ఎక్కడ కూర్చోబెడతారో కూర్చోబెట్టండి."

ఆయన గుమ్మటం మీద వేలు పెట్టబోయారు. వేలు అవతలికి దిగింది. ఒకసారి వేలు కేసి, ఒకసారి నా కేసి చూశారు.

డిజైనర్ అమ్మాయి ఎప్పుడొచ్చిందో, వంగి గోటితో ఒక తలుపు తెరిచింది. "ఆంటీ, పిట్ట!" ఇంకోటి తెరిచింది. "చెప్పులు! ఎవరివాంటీ?"

"మేడం అను," అన్నారు ఎడిటర్, కోపం ఎక్కడో ఒకచోట పెట్టాలి గనక.

ఆ అమ్మాయి వినిపించుకోలేదు. వరసగా తెరుస్తూ పోయి తొమ్మిదో దాని దగ్గర ఆగింది. "ఇక్కడ మర్చిపోయారాంటీ?"

"లేదమ్మా."

ఆ అమ్మాయి ఆ తెలుపు కేసి కాసేపు చూసి, తలుపు నెమ్మదిగా వేసేసింది. తర్వాత ఎడిటర్‌తో, "సార్, ఎనిమిది నేనే చేశాను. తొమ్మిది కూడా పడుతుంది. నలభై డిగ్రీలు పెట్టాలంతే. నాకప్పుడు ఓపిక లేకపోయింది," అంది.

ఎడిటర్ కుర్చీలో వెనక్కి వాలారు. "వినండి మేడం. గుండ్రం మెషిన్ కోస్తుంది. తలుపులు మా మెషిన్ కొయ్యదు. మూడు వందల కాపీలు, కాపీకి తొమ్మిది. ఎవరు కోస్తారు?"

"నేను."

"రెండు వేల ఏడు వందల తలుపులు. రెండు వారాల్లో."

"కోస్తానండీ."

"కొయ్యలేరు. అందుకే ముందే చెప్తున్నాను, లైబ్రరీలకి వెళ్ళే కాపీల్లో ఒక్క తలుపు కొయ్యకుండా వచ్చినా, ఆ పేజీలన్నీ చింపి తాతగారి పేజీ అంటిస్తాను. అది కూడా కాగితం మీద రాయండి."

రాశాను. ఆయన మూత తీసి ఉంచిన పెన్నుతోనే రాశాను. "తొమ్మిది తలుపులకి అంగీకారం. తాతగారికి లేదు." సంతకం పెట్టాను.

బయటికొచ్చాక అత్తయ్య అన్నారు: "నీ మందిరం సంగతి నాకు తెలీదే. నా కోడల్ని అనవలసినవి నేను అంటాను. మధ్యలో వీడెవడు?"

అచ్చయిన కాగితాలు కట్టలుగా ఇంటికొచ్చాయి. కోసి పంపితే వాళ్ళు కుట్టి అట్ట వేస్తారు. భోజనాల బల్ల రెండో ఉద్యోగానికి రెండు వారాలు సెలవు పెట్టింది, మేం ఒళ్ళో కంచాలు పెట్టుకుని తిన్నాం. మొదటి రోజు నలభై కాగితాలే అయ్యాయి. బొటనవేలు వాచింది. రెండో రోజు ముప్ఫై నాలుగు. లెక్క చూస్తే సరిపోతుంది గానీ వేలు లెక్క ప్రకారం నడవడం లేదు. మూడో రోజు ఇరవై కూడా దాటలేదు. అప్పుడు తాతగారు మళ్ళీ కళ్ళముందు కనబడ్డారు, చెయ్యెత్తి.

నాలుగో రోజు మధ్యాహ్నం అత్తయ్య ఎదురుగా వచ్చి కూర్చుని చెయ్యి చాపారు. "ఇటివ్వు. బ్లేడు పట్టడం నాకు నువ్వు నేర్పక్కర్లేదు." నిజమే, ఆమె చెయ్యి నాకంటే నిలకడ. నేను మూడు తలుపులు కోసేలోపు నాలుగు కోసేవారు. కోసిన ప్రతిదీ తెరిచి చూసేవారు, పని సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికని ఆమె మాట. చీమల బారు దగ్గర ప్రతిసారీ ఒక నిమిషం ఎక్కువ పట్టేది.

ఆదివారం మా ఆయన దిగారు. ఎవరూ పిలవలేదు. మేమిద్దరం బల్ల దగ్గరే ఉంటే ఆయనకి గిన్నెలు వెతికిపెట్టేవాళ్ళు లేరు. మొదటి తలుపు నాలుగువైపులా కోసేశారు. తలుపు ఊడి చేతికొచ్చింది.

"ఏవండీ, తలుపు తియ్యమన్నాను గానీ పీకెయ్యమనలేదు."

"బిజాగరీ వైపు ఏదో నువ్వు చెప్పలేదు," అన్నారు.

ఊడిన తలుపుని కాగితం పట్టీతో అతికించాను. ఆ కాపీ ఏ లైబ్రరీలోనో ఉంది, ఏడో తలుపు కొంచెం కుంటుతుంది. తర్వాత ఆయన షాపు నుంచి కళ్ళద్దాలు పరీక్షగా చూసే భూతద్దం దీపం తెచ్చి బల్లకి బిగించారు. ఆ రోజు నుంచి ఒక్క తలుపు ఊడలేదు.

పదమూడో రోజు అత్తయ్య బ్లేడు కింద పెట్టి, తొమ్మిదో తలుపు తెరిచి పట్టుకుని అన్నారు: "లోపల ఎవరూ ఉండరన్నావు. ఇన్ని ఉన్నాయి కదే. ఇక్కడొక్కచోట మాత్రం నిజంగా ఏం లేదు."

"అవునత్తయ్యా."

"ఊఁ," అన్నారు. ఎవర్నైనా పెట్టమని అనలేదు. వచ్చే గురువారం ఎన్నింటికి వెళ్తావని అడిగారు, ఊరికే, టీవీ ఇంకా బాగవలేదు కాబట్టి.

పద్నాలుగో రోజు పొద్దున్నే మూడు వందలూ ఆఫీసులో అప్పగించాను. ఎడిటర్ స్వయంగా లెక్కపెట్టుకున్నారట, డిజైనర్ అమ్మాయి చెప్పింది. తప్పు దొరకాలని మొదలుపెట్టి, తర్వాత ఎందుకు తెరుస్తున్నారో మర్చిపోయారట. తాతగారు ఎక్కడికీ ఎక్కలేదు. పుస్తకాలు లైబ్రరీలకి వెళ్ళిపోయాయి.

ఎడిటర్ సొంత కాపీ ఒకటి మిగిలింది, మూడు వందల ఒకటోది, తలుపులు కొయ్యడానికి నా దగ్గరికే వచ్చింది. అది లైబ్రరీ కాపీ కాదు కాబట్టి మా ఒప్పందంలోకి రాదు. దాంట్లో ఎనిమిది తలుపులే కోశాను. తొమ్మిదోదాని చుట్టూ పెన్సిల్‌తో సన్నగా గీత గీసి, ఒక కొత్త బ్లేడు అట్టముక్కలో చుట్టి లోపల పెట్టి పంపాను.

పంపిన నాలుగో రోజు ఫోను.

"మేడం, నా కాపీలో ఒక తలుపు కొయ్యలేదు."

"అవునండీ."

"మర్చిపోయారా?"

"లేదండీ. ఎనిమిదైతే నీట్‌గా ఉంటుందన్నారుగా. కాస్త సర్దుకోండి."

అవతల ఊపిరి వినబడింది. పెట్టేస్తారేమో అనుకున్నాను. పెట్టలేదు. ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు, అట్టముక్క విప్పిన చప్పుడు.

"మూడువైపులే కొయ్యండి," అని గట్టిగా అరిచాను. "నాలుగోవైపు కోస్తే చేతికొస్తుంది. అనుమానముంటే మా ఆయన్నడగండి!"

బ్లేడు కాగితం మీద మెల్లగా నడిచిన శబ్దం. ఆగింది. మళ్ళీ నడిచింది. మూడోవైపు చాలాసేపు పట్టింది. తర్వాత కాగితం మడత విప్పిన చిన్న చప్పుడు.

"ఖాళీగా ఉంది మేడం," అన్నారు చివరికి.

"అవునండీ," అన్నాను. "అలాగే ఉండనివ్వండి. ఎవర్నీ కూర్చోబెట్టకండి."